మూడేళ్ళు నడిపాక నా ఆర్సీ (రిమోట్ కంట్రోల్) ట్రక్కు గురించి, రేసు ముందు రోజు రాత్రి గురించి

ఈ ట్రక్కు కొని మొన్న సంక్రాంతికి మూడేళ్ళు నిండాయండి. 1/10 స్కేల్ (అసలు బండిలో పదో వంతు సైజు) షార్ట్ కోర్స్ ట్రక్కు, అంటే మట్టి ట్రాకుల మీద పరిగెత్తే రేసు ట్రక్కుకి నమూనా, వెనక చక్రాలకే పవర్, బ్రష్డ్ (లోపల కార్బన్ బ్రష్షులుండే) మోటార్, 2ఎస్ లైపో బ్యాటరీ, అంటే రెండు సెల్లుల లిథియం పాలిమర్ ప్యాక్. కంపెనీ పేరు కావాలనే రాయట్లేదు, రాస్తే అసలు విషయం పక్కకి పోయి ఏ కంపెనీ గొప్పదనే గొడవ మొదలవుద్ది, పైగా ఈ క్లాసులో ఏ బండి విప్పినా లోపల ఇంచుమించు ఇవే ఉంటాయి.

మాది కోనసీమలో అంబాజీపేట పక్కన. దాళ్వా కోతలైపోయి కాలువలు కట్టేశాక ఎండిన పిల్లకాలువలో దిగి పోటీలు పెట్టుకుంటాం, అప్పుడప్పుడు లంకల్లో ఇసుక మీద. ట్రాక్ అంటే ఏముంది, పౌడర్ లాంటి ఒండ్రు, పైన పెచ్చులు కట్టి పగిలిన బురద, అక్కడక్కడ కొబ్బరి మట్టలు, గట్టు మీద నుంచి ఉచిత సలహాలిచ్చే బాబాయ్‌లు.

మొదటి ఏడాది మూడు రేసులు పోగొట్టుకున్నా, మూడిట్లో ఒక్కటి కూడా స్పీడు చాలక పోలేదు. ఒకసారి చక్రం నట్టు ఊడి చక్రం దాని దారిన అది గేదె దగ్గరికి వెళ్ళిపోయింది. ఒకసారి బ్యాటరీ. ఇంకోసారైతే మూడో ల్యాప్ నుంచి బండిని కుడివైపుకి ఎవరో పట్టుకు లాగుతున్నట్టు అయిపోయి, నేను రిమోట్‌లో ట్రిమ్ (స్టీరింగుని తిన్నగా సరిచేసే మీట) తిప్పుతా తిప్పుతా ఉండగానే ఆగిపోయింది. ఇంటికొచ్చి వెనక చక్రం విప్పితే హెక్స్ (చక్రం కూర్చునే ఆరు పలకల ముక్క) వెనకాల, యాక్సిలుకీ బేరింగుకీ మధ్య కొబ్బరి పీచు, తాడు పేనినట్టు బిగిసిపోయి ఉంది. మా అమ్మ చూసి ఇంకో నాలుగు మూరలుంటే మంచం అల్లుకోవచ్చురా అంది. బ్లేడుతో కోసి పట్టకారుతో లాగితే పీచుతో పాటు బేరింగు సీలు కూడా ఊడొచ్చింది. అప్పట్నుంచి రేసు ముందు రోజు రాత్రి నాలుగు చక్రాలూ విప్పకుండా పడుకోను, ఎవరేమనుకున్నా సరే.

బేరింగుల దగ్గర ఇంకో తెలివితక్కువ పని కూడా చేశా, చెప్పేస్తా. మా బాబాయ్ గారు "ఇంట్లో అంత కొబ్బరినూనె పెట్టుకుని బయట ఆయిల్ కొంటావేంట్రా" అంటే నిజమే కదా అనిపించి అన్ని బేరింగుల్లో రెండేసి చుక్కలు వేశా. సాయంత్రం చక్రం ఎంత బాగా తిరిగిందో! భోగి రోజు తెల్లారుజామున మంటలయ్యాక బండి తీస్తే చక్రం చేత్తో తిప్పినా బరువుగా, ముక్కుతా మూల్గుతా తిరుగుతోంది. కొబ్బరినూనె 24 డిగ్రీల కిందకి వస్తే గడ్డకడుతుందని సీసాలో చూస్తూ పెరిగినోణ్ణే, బేరింగులో కూడా అదే నూనె అని తట్టలేదు. ఇప్పుడు పల్చటి మెషిన్ ఆయిల్ ఒక్క చుక్కే, పైన కారింది గుడ్డతో తుడిచేయాలి, లేకపోతే ఒండ్రు దుమ్ము పట్టి పేస్టు అయిపోద్ది.

గేర్ల మధ్య గ్యాప్ కొత్తవాళ్ళు అసలు పట్టించుకోరు. మోటార్ స్క్రూలు లూజ్ చేసి, పినియన్‌కీ (మోటార్ మీదుండే చిన్న గేరు) స్పర్‌కీ (అది తిప్పే పెద్ద గేరు) మధ్య నోట్‌బుక్ కాగితం సన్నటి ముక్క దూర్చి, మోటార్ దగ్గరికి నొక్కి బిగించేయడమే. స్పర్ తిప్పితే కాగితం మడతలు మడతలుగా బయటికి రావాలి, చిరిగిందంటే బాగా టైటు, మడతలే పడలేదంటే లూజు. లూజుగా వదిలేసి ఒక స్పర్ పళ్ళు మొత్తం గొరిగించేశా నేను.

స్లిప్పర్ క్లచ్ (దెబ్బ గేర్లకి తగలకుండా కొద్దిగా జారే క్లచ్) నట్టు పూర్తిగా బిగించి అక్కణ్ణుంచి అర చుట్టు వెనక్కి, అది మొదలు పెట్టే చోటు. తర్వాత నేల మీద పెట్టి ఒక్కసారి థ్రాటిల్ కొడితే మొదటి అడుగూ రెండడుగుల్లో సన్నగా జర్ర్‌మని జారి ఆపైన పట్టుకోవాలి. మరీ జారితే అక్కడే వేడెక్కిపోద్ది, అసలు జారకపోతే జంప్ దిగినప్పుడు ఆ దెబ్బంతా గేర్లే తింటాయి.

షాకుల్లో (షాక్ అబ్సార్బర్లలో) ఆయిల్ సంగతి మన ఎండలకి తప్పనిసరి. వేడికి ఆయిల్ పల్చబడుతుంది, జనవరిలో బాగున్న 30 వెయిట్ ఆయిల్ (నంబరు పెరిగే కొద్దీ చిక్కన) మే నెల మధ్యాహ్నం నీళ్ళలా అయిపోయి బండి కప్పలా గెంతుతుంది, అందుకే వేసవికి 40 వేస్తా. పోశాక పిస్టన్ మెల్లగా పైకీ కిందకీ ఆడించి బుడగలన్నీ పైకొచ్చే దాకా ఆగాలి, ఆగకుండా మూత పెడితే నొక్కినప్పుడల్లా పిచిక్ పిచిక్ మంటది. అన్నీ అయ్యాక బ్యాటరీతో సహా బండిని జానెడెత్తు నుంచి వదిలితే రెండు వైపులా ఒకేలా కూర్చోవాలి. క్యాంబర్‌కి (చక్రం నిలువు నుంచి ఎంత వాలిందో దానికి) ప్రత్యేకం గేజ్ ఏం కొనలేదు, మా చెల్లి జామెట్రీ బాక్సులో మూలమట్టం చక్రానికి ఆనించి చూస్తా, పైభాగం లోపలికి కొద్దిగా, అంటే ఒకటి ఒకటిన్నర డిగ్రీ వాలితే చాలు. వాళ్ళ లెక్కల పరీక్ష రోజే నా రేసు పడింది ఒకసారి, అది వేరే కథ.

రిమోట్ ముందు ఆన్, బండి తర్వాత. ఆపేటప్పుడు బండి ముందు. చక్రాలు గాల్లో పెట్టి కొంచెం థ్రాటిల్ ఇచ్చి రిమోట్ ఆఫ్ చేసి చూడండి, చక్రాలు ఆగకపోతే ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోతే బండిని ఆపేసే సెట్టింగు) పెట్టలేదన్నమాట, ఆ బండి ఏదో ఒక రోజు పంటబోదెలోకి దూకుద్ది.

బ్యాటరీ రేసు పొద్దున్నే 8.4 వోల్టుల దాకా, అంటే ఫుల్లుగా, ఛార్జ్ చేస్తా, వారాల తరబడి ఫుల్లుగా ఉంచితే ఉబ్బిపోయింది ఒకటి. ఆడనప్పుడు సెల్లుకి 3.8 వోల్టుల దగ్గర పెట్టేస్తా. కటాఫ్ (బ్యాటరీ మరీ దిగిపోక ముందే మోటార్ ఆపేసే సెట్టింగు) లైపో మోడ్‌లో ఉందో లేదో ప్రతిసారీ చూడాలి, నేనొకసారి చూడక రేసుతో పాటు ఆ ప్యాక్ కూడా పోగొట్టుకున్నా.

ఇక బండి విషయానికొస్తే మోటార్ మాత్రం మొండిది, మూడేళ్ళలో ఒక్కటే మార్చా. వేసవిలో మరీ కాలిపోతోందని పినియన్‌లో ఒక పన్ను తగ్గించా, టాప్ స్పీడ్ కొంచెం పోయింది గానీ చివరి ల్యాప్ దాకా ఒకేలా లాగుతోంది. షాకుల ప్లాస్టిక్ మూతలు దండగ, రెండుసార్లు గాల్లోనే ఊడి ఆయిలంతా కక్కేశాయి, అల్యూమినియంవి వేశాకే ప్రశాంతం. బండితో కూడా వచ్చిన సర్వో (స్టీరింగు తిప్పే చిన్న మోటార్) బలం చాలదు, ఇసుకలో చక్రం తిప్పలేక వణుకుద్ది, అది మొదటి నెల్లోనే మార్చేయండి. మొత్తం పార్టులకి బండి ధరలో సగం దాకా అయ్యింది, దానికంటే కొరియర్ కోసం ఎదురు చూడ్డమే ఎక్కువ విసుగు. మా తమ్ముడు బ్రష్‌లెస్ (బ్రష్షులు లేని) మోటార్ వేశాడు, తారు రోడ్డు మీద వాడి బండి ఆ స్పీడుకి నా కంటికి ఆనదు, కాలువలో మాత్రం అదుపు తప్పి దుమ్ము లేపుకుంటా గట్టు మీదకి ఎక్కించేస్తాడు.

స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చోడం మీకు ఇష్టమైతే ధైర్యంగా కొనుక్కోండి. లేదూ, పెట్టెలోంచి తీసి ఆడేసి మళ్ళీ పెట్టెలో పెట్టేద్దాం అనుకుంటే వద్దండి, ఆరు నెలల్లో అటక మీదుంటది. నాకైతే బ్యారేజీ నుంచి కాలువలకి నీళ్ళు వదిలేలోగా ఇంకో రెండు ఆదివారాలున్నాయి, నిన్న చూస్తే స్టీరింగులో ఆట వచ్చింది, సర్వో సేవర్ (చక్రాలకి తగిలిన దెబ్బ సర్వోకి చేరకుండా కాచే ముక్క) అనుకుంటా, ఇవాళ అన్నం తిన్నాక విప్పాలి.