తిరుపతికి రాత్రి రైళ్ళు: ఏ దారి ఎవరికి?

తిరుపతికి రాత్రి రైలు అనగానే ముందు అందరం అడిగేది ఎన్ని గంటలు పడుతుందని. నేనూ చాలాకాలం అదే చూసి టికెట్ తీసుకునేవాణ్ణి. గత రెండేళ్ళలో అమ్మను, పిన్నిని వెంటబెట్టుకుని హైదరాబాద్ నుంచి నాలుగుసార్లు, నాలుగు వేర్వేరు రైళ్ళలో వెళ్ళొచ్చాక నా లెక్క మారింది. అమ్మకు అరవై ఎనిమిది. మోకాళ్ళ నొప్పి. రాత్రి నిద్ర పట్టలేదంటే మర్నాడు క్యూలైన్లో నిలబడలేదు. అందుకే ఇప్పుడు టైంటేబుల్ తీస్తే ముందుగా నేను చూసేది రాత్రి పదకొండు, తెల్లవారుజాము నాలుగు మధ్య ఆ రైలు ఏ ఊళ్ళలో ఆగుతుందనే.

మొదటిసారి నారాయణాద్రి ఎక్కాం. మాది చందానగర్. ఆ రైలు బయల్దేరేది లింగంపల్లి నుంచి కాబట్టి ఇంటి నుంచి ఆటోలో పది నిమిషాలు. ఖాళీ బోగీలో తీరిగ్గా ఎక్కి, సామాను బెర్తుల కింద సర్దుకుని, గొలుసు వేసి తాళం పెట్టేసరికి ఇంకా జనం రాలేదు. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకు ఇది చిన్న విషయం కాదు. సికింద్రాబాద్‌లో రైలు ఆగే ఆ కాస్సేపట్లో రెండు సూట్‌కేసులు, ఒక నీళ్ళ క్యాను, మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషి, అన్నీ ఒకేసారి ఎక్కాలంటే ఎంత టెన్షనో నాకు తెలుసు. నల్గొండ, మిర్యాలగూడ మీదుగా పోయే దారి ఇది. నడికుడి దాకా అమ్మ, పిన్ని పులిహోర తింటూ కబుర్లు చెప్పుకున్నారు. ఇబ్బంది గుంటూరులో వచ్చింది. అప్పటికి లైట్లు ఆర్పి పడుకున్నాం. దిగేవాళ్ళు, ఎక్కేవాళ్ళు, ఫోన్ల వెలుతురులో బెర్తు నంబర్లు వెతుక్కునేవాళ్ళు. ఎవరో మా లైటు వేశారు. "ఒరేయ్, గుంటూరేనా? దిగాలా?" అంటూ అమ్మ లేచి కూర్చుంది. తర్వాత తెనాలి, చీరాల, ఒంగోలు, నెల్లూరు, గూడూరు. అన్నీ పెద్ద ఊళ్ళే, అన్నీ మంచి నిద్ర వేళలోనే. అమ్మకు ఇక సరిగ్గా నిద్ర పట్టలేదు.

రెండోసారి వెంకటాద్రి. కాచిగూడ నుంచి రాత్రి ఎనిమిది ప్రాంతంలో బయల్దేరుతుంది. చందానగర్ నుంచి కాచిగూడ దూరమే, నిజమే. కానీ లింగంపల్లి నుంచి ఫలక్‌నుమా వైపు పోయే ఎమ్‌ఎమ్‌టీఎస్ లోకల్ రైలు కాచిగూడలోనే ఆగుతుంది. నగరం ట్రాఫిక్‌లో రెండు గంటలు క్యాబ్‌లో నలగడం కంటే అదే నయం. 1916లో నిజాం కాలంలో కట్టిన స్టేషన్ అది. సికింద్రాబాద్ అంత రద్దీ ఉండదు, నడక కూడా తక్కువే. భోజనం ఇంట్లోనే ముగించుకుని ఎక్కామేమో, మహబూబ్‌నగర్ రాకముందే మిడిల్ బెర్తు పైకెత్తి పక్కలు వేసేశాం.

ఈ దారిలో నాకు బాగా నచ్చింది గద్వాల దగ్గర కృష్ణ, కర్నూలు ముందు తుంగభద్ర దాటడం. రెండు నదుల మధ్య నేల కాబట్టే ఆ ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. వంతెన మీదికి రాగానే రైలు చప్పుడు మారిపోతుంది. పిన్ని పడుకున్న చోటి నుంచే రెండుసార్లూ దణ్ణం పెట్టుకుంది. కర్నూలు దాటాక డోన్, గుత్తి, తాడిపత్రి, ఎర్రగుంట్ల. ఈ స్టేషన్లలోనూ జనం ఎక్కుతారు, కాకపోతే గుంటూరు, నెల్లూరులలో కనిపించే హడావిడి మా బోగీలో కనిపించలేదు. అమ్మ కడప దాకా కదల్లేదు. రాజంపేట దాటాక నాకు మెలకువ వచ్చింది. మసక వెలుతురులో కోడూరు తోటలు, అరటి, మామిడి, వాటి వెనక శేషాచలం కొండలు నల్లగా. అమ్మను లేపి కిటికీ దగ్గర కూర్చోబెట్టాను. కొండను చూస్తూ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. వెంకటాద్రి తిరుపతిలో ఆగిపోదు, పాకాల మీదుగా చిత్తూరు దాకా పోతుంది. నారాయణాద్రిలో అయితే తిరుపతే ఆఖరి స్టేషన్ కాబట్టి అందరూ దిగాక నిదానంగా దిగొచ్చు. ఇందులో అలా కుదరదు. రేణిగుంట రాగానే సామాను తలుపు దగ్గరికి చేర్చుకోవాలి.

మూడోసారి వరంగల్, ఖమ్మం, విజయవాడ మీదుగా పద్మావతిలో వెళ్ళాం. దారి చుట్టు ఎక్కువ. సికింద్రాబాద్ నుంచి విజయవాడకే 350 కిలోమీటర్లు, అక్కడి నుంచి మళ్ళీ కోస్తా అంతా. వరంగల్‌లోనో ఖమ్మంలోనో ఉండేవాళ్ళకు ఇదే సరైన రైలు. నగరం నుంచి ఎక్కేవాళ్ళు దీన్నే పట్టుకోవాల్సిన అవసరం నాకు కనిపించలేదు. విజయవాడ అర్ధరాత్రి వేళ వస్తుంది, అక్కడ నిద్రపోవడం కష్టం.

ఆ ప్రయాణంలోనే ఒక ఆన్‌లైన్ సంస్థలో అమ్మకు ఇడ్లీ ఆర్డర్ పెట్టాను. డబ్బు ముందే కట్టాను, స్టేషన్ వచ్చింది, పోయింది, ఇడ్లీ రాలేదు. షుగర్ మాత్ర వేసుకున్న మనిషి బిస్కెట్లతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. నాకు చాలా బాధేసింది. అప్పటి నుంచి పెద్దవాళ్ళ భోజనం ఇంటి నుంచే.

నాలుగోది రాయలసీమ ఎక్స్‌ప్రెస్. నిజామాబాద్ నుంచి వచ్చి తాండూరు, రాయచూరు, గుంతకల్ మీదుగా పోతుంది. మంత్రాలయం కూడా చూసుకోవాలనుకునేవాళ్ళకు మంత్రాలయం రోడ్డు స్టేషన్ ఈ దారిలోనే. నేరుగా తిరుపతికే అయితే మళ్ళీ ఎక్కను.

2023 ఏప్రిల్‌లో మొదలైన సికింద్రాబాద్-తిరుపతి వందే భారత్ సంగతి చాలామంది అడుగుతున్నారు. ఎనిమిది గంటల పైన ప్రయాణం, పగలు. శుభ్రంగా ఉంటుంది, వేగంగా పోతుంది. కానీ అంతసేపు కుర్చీలో కాళ్ళు కిందికి వేలాడేసి కూర్చుంటే అమ్మ పాదాలు వాస్తాయి. నడుం వాల్చే బెర్తు ఉన్న రైలే మాకు నయం. కుర్రవాళ్ళకు, సాయంత్రానికి కొండెక్కి గది తీసుకుందామనుకునేవాళ్ళకు మాత్రం బాగుంటుంది.

ఇక టికెట్ల సంగతి. 2024 నవంబర్ నుంచి రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు, అంతకుముందు 120 రోజులుండేది. మూడు వందల రూపాయల దర్శనం టికెట్లను టీటీడీ దాదాపు మూడు నెలల ముందే ఇస్తోంది. అంటే దర్శనం తేదీ చేతికొచ్చాకే రైలు చూసుకోవచ్చు, మాలాంటి వాళ్ళకు ఇది మంచిదే అయింది. అరవయ్యో రోజు పొద్దున ఎనిమిదికి కూర్చోవాలి.

నలుగురికీ కలిపి ఒకే టికెట్ తీయకండి. నలభై అయిదు దాటిన ఆడవాళ్ళకు, అరవై దాటిన మగవాళ్ళకు లోయర్ బెర్తు కోటా ఉంది. అది ఒక్కరో ఇద్దరో ఉన్న టికెట్‌కే వర్తిస్తుంది. మొదటిసారి ఈ సంగతి తెలియక నలుగురికీ కలిపి తీస్తే అమ్మకు అప్పర్ బెర్తు వచ్చింది. ఎదురు బెర్తు అబ్బాయి మంచివాడు, అడగ్గానే మారాడు. ప్రతిసారీ అలాంటివాళ్ళు దొరకరు. ఇప్పుడు అమ్మకూ పిన్నికీ కలిపి ఒక టికెట్, నాకూ, మాతో వచ్చే ఇంకొకరికీ వేరే టికెట్ తీస్తున్నాను. వేర్వేరు బోగీలు పడే ప్రమాదం ఉంది. అయినా అమ్మ నిచ్చెనెక్కే పని లేకుండా ఉంటే చాలు.

వచ్చే నెల మళ్ళీ వెళ్తున్నాం. వెళ్ళేటప్పుడు వెంకటాద్రి తీశాను, నిద్ర కోసం. వచ్చేటప్పుడు నారాయణాద్రి. దర్శనం అయిపోయాక గుంటూరులో ఒకసారి మెలకువ వచ్చినా పర్వాలేదు, తెల్లారి లింగంపల్లిలో దిగితే పది నిమిషాల్లో ఇంట్లో ఉంటాం.