మామిడి తోటలో పండు ఈగ బుట్టలు: అయిదు సీజన్ల వాడకం తర్వాత

విజయవాడ దగ్గరి నున్న, ఆగిరిపల్లి వైపు తోటల్లో ఇప్పుడు వేలాడుతున్న మిథైల్ యూజినాల్ బుట్టల గురించి ఇది. మిథైల్ యూజినాల్ అంటే పండు ఈగను వాసనతో లాగే ఎర. బంగినపల్లిలోనూ చిన్న రసాల్లోనూ అయిదు సీజన్లు వాడి రాస్తున్నది. సరుకు మంచిదే, కానీ బుట్ట కట్టి చేతులు దులుపుకుంటే డబ్బు దండగ.

బుట్టలో పడేవి మగ ఈగలే. కాయను పొడిచి గుడ్లు పెట్టేది ఆడది, దానికి ఈ వాసన పెద్దగా పట్టదు. గుప్పెళ్ల కొద్దీ ఈగలు రాలాయని సంబరపడేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు. ఒక్క మగ ఈగ చాలా ఆడవాటితో జతకడుతుంది కాబట్టి, మగవి దాదాపు అన్నీ పోతే తప్ప గుడ్లు తగ్గవు. ఎకరాకు రెండు బుట్టలు కడితే ఈగ వచ్చిందో లేదో తెలుస్తుంది, అంతే. తగ్గాలంటే పది కట్టాలి. గట్టు అవతల తోటాయనా కట్టాలి, లేకపోతే అక్కడ జతకట్టిన ఆడవి మన చెట్ల మీదికే వస్తాయి.

బుట్టలో పెట్టే ఎర ముక్కలు సొంతంగా నానబెట్టుకోవచ్చు. 5 సెం.మీ. చదరం, 1 సెం.మీ. మందం ఉన్న ప్లైవుడ్ ముక్కలు కోయించి, ఆల్కహాల్ 6 పాళ్లు, మిథైల్ యూజినాల్ 4 పాళ్లు, మలాథియాన్ (ఈగను చంపే పురుగుమందు) 1 పాలు కలిపి, మూత ఉన్న డబ్బాలో రెండు రోజులు ఉంచాలి. సన్‌మైకా అతికించిన చెక్క పీల్చదు. మందు ఎందుకులే అని మలాథియాన్ మానేసేవాళ్లున్నారు, అది అన్నిటికన్నా చెడ్డ పొరపాటు. విషం లేని ఎర నాకి బయటపడ్డ మగ ఈగ మళ్లీ చాలా రోజులు ఆ వాసన వైపు రాదు. పైగా ఆడవాటిని ఆకట్టుకోవడంలో మిగతావాటికన్నా ముందుంటుంది. మన ఖర్చుతో దానికి అత్తరు పూసినట్టే! ఈ మందు చెక్కలోనే ఉంటుంది, కాయ మీద పడదు. చేతి తొడుగులు మాత్రం తప్పనిసరి. బొట్టు చొక్కా మీద పడితే తోటలో ఉన్నంతసేపూ ఈగలు మన మీదే వాలతాయి.

కోతకు రెండు నెలల ముందే, నాలుగైదు అడుగుల ఎత్తున, కొమ్మ నీడలో కట్టాలి. తీగకు గ్రీజు రాయకపోతే చీమలు చచ్చిన ఈగలను మోసుకుపోయి లెక్క తప్పిస్తాయి. బుట్ట అడుగున సూది బెజ్జాలు లేకపోతే ఒక్క గాలివానకే నీళ్లు నిండి ఈగలు కుళ్లిపోతాయి. మే ఎండల్లో నెల దాటాక ముక్క వాసన చూడాలి. వాసన తగ్గితే మార్చేయడమే.

అసలు సగం పని రాలు కాయల్లో ఉంది. పొడిచిన చోట సూదిమొనంత మచ్చ, దాని మీద రసం బొట్టు, చుట్టూ నొక్కితే మెత్తదనం. గుడ్డు ఒకటి రెండు రోజుల్లో పగులుతుంది. వారం అటూఇటుగా పురుగు ఎదిగి, కాయ వదిలి మట్టిలో దూరుతుంది. అందుకే వారానికోసారి ఏరితే ఖాళీ కాయలు ఏరినట్టే. రెండు రోజులకోసారి ఏరి, రెండడుగుల లోతున పూడ్చాలి. పైపైన మట్టి కప్పితే ఈగ అందులోంచే లేచొస్తుంది. గుంట తీసే మనిషి దొరకకపోతే మందపాటి పాలిథిన్ సంచిలో వేసి, మూతి బిగించి ఎండలో పడేయండి. చిన్న చిరుగున్నా ఫలితం ఉండదు.

ఈ బుట్ట జామకూ పనికొస్తుంది. కృష్ణా నది లంకల్లో కాకర, బీర పందిళ్లకు కూడా ఇదే కట్టి, పడటం లేదని తిట్టుకునేవాళ్లున్నారు. ఆ ఈగ వేరు, దానికి క్యూ లూర్ అనే వేరే వాసన ఎర కావాలి.

మళ్లీ కొనాల్సి వస్తే మిథైల్ యూజినాల్ మాత్రమే, బుట్టలు కాదు. రెడీమేడ్ డబ్బా మూతలు రెండో వేసవికే పెళుసెక్కి విరిగాయి. లీటరు నీళ్ల సీసాకు పైభాగంలో పెన్సిలంత బెజ్జాలు నాలుగు పెడితే అదే పని చేస్తోంది.