ఆటో యాప్: సర్వీసు బాగుంది, ప్రయోగాలే వద్దు

విజయవాడలో ఈ ఆటో బుకింగ్ యాప్‌ని కొన్నేళ్లుగా వాడుతున్నాను. పేరెందుకులెండి. బెంజ్ సర్కిల్‌లో నిలబడి బేరమాడే బాధ తప్పింది, రాత్రిపూట బస్టాండులో దిగినా బండి దొరుకుతుంది. వన్ టౌన్ సందుల్లో మ్యాప్ కాస్త తడబడుతుంది, అది సర్దుకోవచ్చు.

సర్దుకోలేనిది వేరే ఉంది. సత్యనారాయణపురం నుంచి బస్టాండుకి వెళ్దామని మా ఆడపడుచూ నేనూ ఒకేసారి యాప్ తెరిచాం. నా ఫోన్‌లో టిప్ ఊసే లేదు. తన ఫోన్‌లో ఇరవై రూపాయల టిప్‌కి ముందే టిక్ పెట్టి ఉంది. తీసేద్దామంటే అడుగున బూడిదరంగులో, కనీకనిపించనట్టు ‘వద్దు’ అని ఉంది. కస్టమర్ కేర్‌ని అడిగితే, “కొందరు యూజర్లతో కొత్త ఫీచర్ టెస్ట్ చేస్తున్నాం మేడమ్” అన్నారు. ఆ కొందరిలో మమ్మల్ని కలపమని ఎవరు చెప్పారు? పోనీ ఆ డబ్బు చేరుతుందా అని ఆటో అతన్ని అడిగితే, “నాకు మొత్తం ఒకటే కనిపిస్తుందమ్మా, టిప్ ఎంతో విడిగా చూపించదు” అన్నాడు. అంటే ప్రయోగం అతని మీద కూడా.

దీన్ని ఏ/బీ టెస్ట్ అంటారు. యూజర్లను గుంపులు చేసి తలా ఒక రకం చూపించి, దేనికి ఎక్కువమంది పడితే దాన్ని ఖాయం చేస్తారు. బటన్ రంగు మార్చి చూసుకోండి, నాకేం? డబ్బు జోలికీ మనసు జోలికీ వచ్చేటప్పుడు మాత్రం అడగాలి. ఫేస్‌బుక్ 2012 జనవరిలో 6,89,003 మంది మీద వారం పాటు ప్రయోగం చేసింది. ఫీడ్‌లో కొందరికి సంతోషం పోస్టులు, కొందరికి బాధ పోస్టులు తగ్గించి, వాళ్ల రాతలు మారతాయేమో చూసింది. తేడా చాలా స్వల్పమే అనుకోండి. కానీ 2014లో పరిశోధన వ్యాసం అచ్చయ్యేదాకా ఆ సంగతి జనానికి తెలియదు. అనుమతి ఏదంటే డేటా పాలసీకి ఒప్పుకున్నారుగా అన్నారు. అందులో ‘పరిశోధన’ అనే మాట చేరిందే ప్రయోగం అయిన నాలుగు నెలలకి! గొడవయ్యాక ఫేస్‌బుక్ అప్పటి ఉన్నతాధికారి షెరిల్ శాండ్‌బర్గ్ ఢిల్లీకి వచ్చినప్పుడు, దాన్ని సరిగ్గా చెప్పలేదని ఒప్పుకున్నారు. తప్పంతా చెప్పడంలోనే ఉందన్నమాట, చేయడంలో లేదు.

డార్క్ ప్యాటర్న్‌ల మీద, అంటే యూజర్లను మాయచేసి ఒప్పించే స్క్రీన్ డిజైన్ల మీద, కేంద్రం 2023 నవంబరులో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, మనం ఒప్పుకోకుండా బిల్లులో అదనపు సొమ్ము కలపకూడదు. ముందే పెట్టిన ఈ టిక్ కూడా ఆ బాపతే అంటాను.

యాప్ తీసేయను, అవసరం అలాంటిది. ప్రస్తుతానికి ఐదుకి మూడు స్టార్లు. సెట్టింగ్స్‌లో ‘నన్ను టెస్టుల్లో కలపొద్దు’ అని ఒక స్విచ్ పెట్టి, టిప్ ఎంత వచ్చిందో డ్రైవర్‌కి విడిగా చూపిస్తే నాలుగు ఇస్తాను.