తెలుగు ఫాంట్ల ప్యాక్ కొంటున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

అందరికీ నమస్కారం. "500 తెలుగు ఫాంట్లు, వర్డ్‌లో చక్కగా పనిచేస్తాయి" అన్న ప్రకటన చూసి, ఆన్‌లైన్‌లో 799 రూపాయలు పెట్టి ఒక పెన్‌డ్రైవ్ కొన్నాను. దానితో పాటు టైపింగ్ సాఫ్ట్‌వేర్ కూడా ఇచ్చారు. నేను పడ్డ అవస్థ ఇంకొకరు పడకూడదని రాస్తున్నాను.

మా నాన్నగారు బడిపంతులుగా పనిచేసిన రోజుల గురించి నోటుపుస్తకాల్లో రాసుకున్నారు. ఆయన 80వ పుట్టినరోజుకి దాన్ని పుస్తకంగా తేవాలని రెండు నెలలు రాత్రిళ్లు కూర్చుని 140 పేజీలు టైప్ చేశాను. నా స్క్రీన్ మీద అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఫైలు బెంగళూరులో ఉన్న తమ్ముడికి పంపితే, "అక్కా, ఇందులో తెలుగే లేదు" అని ఫోటో తీసి పెట్టాడు. పేజీ నిండా నెత్తిన చుక్కలు, టోపీలు ఉన్న ఇంగ్లిష్ అక్షరాలు. "నాన్న" అని ఉండాల్సిన చోట ఏవో గుర్తులు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

వర్డ్‌లోనే ఏదో లోపం అనుకుని రెండు రోజులు సెట్టింగ్స్ తిరగేశాను. వర్డ్‌లో లోపమేమీ లేదు. నేను వాడినవి యూనికోడ్ (ప్రతి భాషలోని ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకే సంకేతం ఉండే పద్ధతి) ఫాంట్లు కావు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు అతికించిన పాతకాలపు ఫాంట్లు. మనకు తెలుగు కనిపిస్తుంది గానీ ఫైలులో ఉన్నది ఇంగ్లిషే. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో అసలు సంగతి బయటపడుతుంది. ఫోన్ కీబోర్డ్‌లో కొట్టిన "బడి" అన్న మాటను కాపీ చేసి ఆ ఫైలులో వెతికితే ఒక్కటి కూడా దొరకలేదు. మాటల కింద ఎర్రగీతలు కూడా అందుకే. ప్రకటనలో యూనికోడ్ అన్న మాటే లేదు, చూసుకోండి.

అమ్మినవాళ్లను అడిగితే, "అక్షరాలు కనిపిస్తున్నాయి కదా మేడం, ప్యాక్ తెరిచాక వాపసు లేదు" అన్నారు. ఇంకో ఫోల్డర్‌లో నిజంగా యూనికోడ్ ఫాంట్లు ఉన్నాయి. అవేమిటంటే రామభద్ర, మండలి, సూరన్న, గిడుగు. సిలికానాంధ్ర అనే తెలుగు సంస్థ అందరికీ ఉచితంగా ఇచ్చినవి, గూగుల్ ఫాంట్స్‌లో పైసా కట్టకుండా దొరికేవి. వాటిని కూడా లెక్కలో వేసి 500 అన్నారంటే నాకు కోపం ఆగలేదు.

కాబట్టి ముందు ఒక్క ఫాంట్ శాంపిల్, వాళ్ల టైపింగ్ సాఫ్ట్‌వేర్‌తో సహా అడగండి. వాటితో వర్డ్‌లో ఒక వాక్యం కొట్టి, సెలెక్ట్ చేసి, ఫాంట్‌ను నిర్మలా యూఐకి మార్చండి. అది విండోస్ 8 నుంచి కంప్యూటర్‌లోనే ఉంటుంది. తెలుగు తెలుగుగానే ఉంటే సరే, ఇంగ్లిష్ గుర్తులుగా మారితే కొనకండి. ఇంకా గట్టిగా తేల్చుకోవాలంటే, ఒక్క "క" కొట్టి కర్సర్ దాని వెనకే ఉండగా ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కండి. 0C15 అని రావాలి, అది యూనికోడ్‌లో "క" సంకేతం. ఇంకేది వచ్చినా అది యూనికోడ్ తెలుగు కాదు.

ఒక్క విషయంలో మాత్రం వాళ్ల తప్పు లేదు. స్క్రీన్ మీద వత్తులు కింద సగానికి తెగిపోతున్నాయని కూడా ఫిర్యాదు చేశాను. అది నా పేరాగ్రాఫ్ సెట్టింగ్. లైన్ స్పేసింగ్ "ఎగ్జాక్ట్లీ" అని ఉంటే వరుసకు ఇచ్చిన ఎత్తు దాటిన భాగం కనిపించదు. "సింగిల్" చేయగానే "స్త్రీ" కింద వత్తులన్నీ తిరిగి వచ్చాయి.

ఇప్పుడు ఫైలంతా కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చాను. చాలావరకు వచ్చింది గానీ, కొన్నిచోట్ల వత్తులు ఎగిరిపోయాయి, కొన్నిచోట్ల పక్క అక్షరానికి అంటుకున్నాయి. నోటుపుస్తకం పక్కన పెట్టుకుని వరుసగా దిద్దుతున్నాను, 62వ పేజీకి వచ్చాను. పుట్టినరోజు వచ్చే నెలలోనే. ఇలాంటి ప్యాక్ ఇప్పటికే కొని టైప్ చేస్తున్నవాళ్లు ఎవరైనా ఉంటే, ఇవాళే ఆ ఫైలును ఇంకో కంప్యూటర్‌లో తెరిచి చూడండి.