విజన్‌ఫైవ్ 2 బోర్డు: ఎక్కడ చతికిలబడుతుంది, ఎలా పట్టుకోవాలి

విజన్‌ఫైవ్ 2 అంటే స్టార్‌ఫైవ్ కంపెనీ వాళ్ల చిన్న సింగిల్ బోర్డు కంప్యూటర్. ఇందులో ఉన్నది జేహెచ్7110 చిప్. 1.5 గిగాహెర్ట్జ్ దాకా వెళ్లే సైఫైవ్ యూ74 కోర్లు నాలుగు, వాటన్నిటికీ కలిపి 2 ఎంబీ ఎల్2 క్యాష్. రిస్క్-ఫైవ్ (ఎవరైనా వాడుకోగల ఓపెన్ ప్రాసెసర్ ఇన్‌స్ట్రక్షన్ సెట్) నేర్చుకోవడానికైతే కళ్లు మూసుకుని కొనొచ్చు. ల్యాప్‌టాప్‌లో నడిచే సీ కోడ్‌ని తెచ్చి దీనిమీద కంపైల్ చేసేవాళ్లు మాత్రం కాస్త ఆగాలి. కొన్ని లూపులు పదుల రెట్లు నెమ్మదిస్తాయి.

ముందు తేలిక అనుమానాలు తీర్చుకోండి. పాత మెయిన్‌లైన్ (అసలు లినక్స్) కెర్నల్స్‌లో క్లాక్ 1 గిగాహెర్ట్జ్ దగ్గరే ఆగిపోయేది. ప్రస్తుత క్లాక్ వేగం చూపే స్కేలింగ్_కర్_ఫ్రెక్ ఫైల్ చూసి, లోడ్ మీద కూడా 1.5 రాకపోతే కొత్త కెర్నల్ వేయండి. మన మే నెల ఎండలకి హీట్‌సింక్, చిన్న ఫ్యాన్ తప్పనిసరి. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో ఓ చుట్టు చుడితే దొరుకుతాయి.

అసలు దొంగ వేరే. ప్యాకెట్‌లో మొదటి బైట్ టైపు, దాని వెనకే నాలుగు బైట్ల పొడవు అనుకోండి. బఫర్‌కి 1 కలిపి, ఆ పాయింటర్‌ని యూఇంట్32కి క్యాస్ట్ చేసి చదివితే మామూలు ల్యాప్‌టాప్‌ల ఎక్స్86 ప్రాసెసర్ కిక్కురుమనదు. యూ74కి ఆ అలైన్ కాని లోడ్ (నాలుగుతో భాగించబడని అడ్రస్ నుంచి నాలుగు బైట్లు చదవడం) చేతకాదు. ట్రాప్ పడుతుంది, అంటే ప్రోగ్రామ్ ఆగి పని ఫర్మ్‌వేర్ చేతికి వెళ్తుంది. అత్యధిక అధికారం ఉండే మెషిన్ మోడ్‌లోని ఆ ఫర్మ్‌వేర్, ఓపెన్‌ఎస్‌బీఐ, ఒక్కో బైటూ చదివి అతికించి ఇస్తుంది. ఒక్క ఇన్‌స్ట్రక్షన్‌కి వందల సైకిళ్లు హారతి. జవాబు సరిగ్గానే వస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

దీన్ని పట్టుకోవడానికి లినక్స్ ప్రొఫైలింగ్ టూల్ పెర్ఫ్ ఉంది, కానీ పెర్ఫ్ రికార్డ్‌కి సైకిల్స్ ఇస్తే లాభం లేదు. కౌంటర్ నిండగానే ఇంటరప్ట్ ఇచ్చే ఎస్‌ఎస్‌కాఫ్‌పీఎంఎఫ్ ఎక్స్‌టెన్షన్ ఈ కోర్‌లో లేదు. టైమర్‌తో నడిచే సీపీయూ-క్లాక్‌తో శాంపిల్ చేయండి. ఒక ఎల్‌డబ్ల్యూ (నాలుగు బైట్లు చదివే ఇన్‌స్ట్రక్షన్) మీదో, దాని పక్క ఇన్‌స్ట్రక్షన్ మీదో శాంపిళ్లు కుప్పపడితే, పెర్ఫ్ స్టాట్‌లో ఇలాంటి ట్రాప్‌ల లెక్క చెప్పే ఎఫ్‌డబ్ల్యూ_మిస్‌అలైన్డ్_లోడ్ లెక్కించండి. అంకె లక్షల్లో ఉంటే దొంగ దొరికినట్టే.

మందు చిన్నదే: క్యాస్ట్ తీసేసి మెమ్‌కాపీ రాయండి. జీసీసీ కంపైలర్ దాన్ని ఒక్కో బైటూ చదివే లోడ్‌లుగా మారుస్తుంది, ట్రాప్ ఉండదు. కంపైలర్ ఫ్లాగుల్లో ఎంట్యూన్‌కి సైఫైవ్-7-సిరీస్, ఎంఆర్చ్‌కి ఆర్‌వీ64జీసీ_జెడ్‌బీఏ_జెడ్‌బీబీ ఇవ్వండి, ఇది కొసరు.

ఒకే ఇన్‌స్ట్రక్షన్‌తో చాలా విలువల మీద పని చేసే వెక్టర్ ఎక్స్‌టెన్షన్ ఈ చిప్‌లో లేదు. నియాన్ (ఆర్మ్), ఏవీఎక్స్ (ఎక్స్86) వెక్టర్ ఇన్‌స్ట్రక్షన్ల కోసం చేత్తో రాసిన ఇమేజ్, వీడియో కోడ్ ఇక్కడ ఒక్కో విలువగా నడిచే మామూలు స్కేలర్ దారికి దిగిపోతుంది, ఏ ఫ్లాగూ ఆదుకోదు. ఆ పనికి వేరే బోర్డు చూసుకోండి.