టైప్-9 హెవీయా, ఇంపీరియల్ కట్టరా: సరుకు తోలడానికి ఏది మేలు?

సాలూరు దాటి సుంకి ఘాటీ ఎక్కుతున్న నిండు లారీ వెనక చిక్కుకుపోయిన కొరాపుట్ వాసులకు, ఎలీట్ డేంజరస్ అనే అంతరిక్ష వీడియో గేమ్‌లోని టైప్-9 హెవీ సరుకు ఓడ నడక కొత్తగా అనిపించదు. దాని మామూలు వేగం సెకనుకు 130 మీటర్లు, కాసేపు వేగం పెంచే బూస్ట్ నొక్కినా 200 దాటదు. అదే ఆటలోని మరో ఓడ ఇంపీరియల్ కట్టర్ మామూలుగానే 200, బూస్ట్‌తో 320 అందుకుంటుంది. వేగం ఒక్కటే కొలమానమైతే మాట ఇక్కడితో ముగిసేది.

అయితే సరుకు లెక్క వేరు. అన్ని గదులనూ సరుకుకే కేటాయిస్తే టైప్-9లో 790 టన్నులు, కట్టర్‌లో 794 టన్నులు పడతాయి. కానీ దాడుల నుంచి కాచే షీల్డుకూ ఒక గది కావాలి, అది లేకుండా తిరిగేవారు అరుదు కాబట్టి ఈ నాలుగు టన్నుల తేడాకు విలువ లేదు. టైప్-9కు 5వ తరగతి (సైజు) షీల్డు సరిపోతుంది, అంటే 758 టన్నులు మిగులుతాయి. కట్టర్ బరువు ఎక్కువ గనుక దానికి 6వ తరగతి తప్పదు, అక్కడ 730 మాత్రమే మిగులుతాయి. చవకైన బండే ఎక్కువ మోస్తుందన్న ఈ సంగతి చాలామంది గమనించరు.

చవక అన్నది కూడా చిన్న మాట కాదు. టైప్-9 ఖరీదు ఏడున్నర కోట్ల క్రెడిట్లకు (ఆటలోని డబ్బు) కాస్త పైన, కట్టర్ దాదాపు 21 కోట్లు. ఓడ పేలిపోతే విలువలో 5 శాతం కట్టి తిరిగి పొందవచ్చు గాని, అందులోని సరుకు పోయినట్టే. పైగా కట్టర్ కొనాలంటే ఇంపీరియల్ నౌకాదళంలో డ్యూక్ హోదా, అంటే పన్నెండో మెట్టు, ఎక్కి ఉండాలి. రాత్రి భోజనమయ్యాక గంటసేపు ఆడేవారికి అది నెలల పని.

కట్టర్ పక్షాన చెప్పవలసింది దాని షీల్డు. దొంగలు దారి కాసినప్పుడు టైప్-9లో గుండె చేతిలో పెట్టుకోవాలి. కట్టర్‌లో నిబ్బరంగా దాటిపోవచ్చు. కానీ ఇతర ఆటగాళ్లు ఎదురుపడని సోలో పద్ధతిలో ఆడితే ఈ మేలు సగం తగ్గిపోతుంది.

సునాబెడలో మా బావమరిది కట్టర్‌ను మొదటిసారి స్టేషన్ ద్వారంలోకి తెచ్చినప్పుడు నేను పక్కనే ఉన్నాను. త్రాటిల్ పూర్తిగా తగ్గించినా ఓడ నూనె పూసిన పలక మీద జారినట్టు ముందుకే సాగి, లోపలి గోడను రాసుకుని, షీల్డు నీలంగా మెరిసిన తరువాతే ఆగింది. "ఇది ఓడ కాదు బావా, గూడ్సు బండి," అన్నాడు. టైప్-9 మందకొడిదే గాని, ఆపితే ఆగుతుంది.

రెండూ ఓడలు దిగే చోట్లలో పెద్ద ప్యాడ్ మీదనే దిగగలవు కనుక చిన్న అవుట్‌పోస్టులు రెంటికీ దూరమే. సోలోలో వర్తకం చేసేవారు టైప్-9 కొనుక్కోవాలి. హోదా ఎలాగూ వచ్చి, ఆటగాళ్ల మధ్యనే తిరిగేవారికి మాత్రం నేను కట్టర్ వద్దనను.