నల్ల పావులకు ఏది మేలు: సిసిలియనా, కారో-కానా?

నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా పిల్లల్ని చెస్ రేటింగ్ టోర్నీలకు పంపే ఇళ్లలో ఈ తర్జనభర్జన మామూలే. తెల్లవాళ్లు ఇ4 వేస్తే, అంటే రాజు ముందు బంటును రెండు గళ్లు తోస్తే, నల్ల పావులతో ఏం ఆడించాలి? సి5 వేస్తే సిసిలియన్, సి6 వేస్తే కారో-కాన్.

పేరులో సిసిలియన్‌దే పైచేయి. మాజీ ప్రపంచ ఛాంపియన్లు ఫిషర్, కాస్పరోవ్ అందులోని నైడార్ఫ్ అనే శాఖనే నమ్ముకున్నారు. చిక్కల్లా, నైడార్ఫ్ రావాలంటే ఎదుటివాళ్లూ ఒప్పుకోవాలి. సెలవులంతా ఐదో ఎత్తు ఎ6 తర్వాతి లైన్లు బట్టీపట్టి పిల్లాడు కావలి టోర్నీకి వెళ్తాడు. ఎదురుగా కూర్చున్న పెద్దాయన రెండో ఎత్తుకే సి3 వేస్తాడు. ఇంకొకరు డి4 వేసి బంటును బలిస్తారు. అలపిన్, స్మిత్-మోరా, గ్రాండ్ ప్రీ, క్లోజ్డ్... ఒక్క సిసిలియన్ పేరున ఇన్ని నేర్వాలి. స్కూలు, ట్యూషన్ల మధ్య ఎక్కడ కుదురుతుంది?

కారో-కాన్‌లో ఈ గోల తక్కువ. సి6, వెంటనే డి5. ఇ6 వేయకముందే బిషప్ ఎఫ్5కి బయటపడుతుంది. ఫ్రెంచ్ డిఫెన్స్‌లో (ఇ4కి ఇ6 జవాబు) అదే బిషప్ బంట్ల వెనక మూలుగుతూ ఉంటుంది. మరో మాజీ ప్రపంచ ఛాంపియన్ కార్పోవ్ ఏళ్ల తరబడి ఆడింది ఇదే. "ఏందబ్బయా, ఇంత చప్పగానా" అనేవాళ్లు ఉంటారు, అననీండి.

అలాగని కళ్లు మూసుకుని ఆడేది కాదు. 1997లో ఐబీఎం కంప్యూటర్ డీప్ బ్లూతో ఆరో గేమ్‌లో కారో-కాన్ ఆడిన కాస్పరోవ్ ఏడో ఎత్తున హెచ్6 వేస్తే, కంప్యూటర్ ఇ6 మీద గుర్రాన్ని బలిచ్చింది. 19 ఎత్తులకే ఆయన ఆట వదిలేశాడు. పిల్లలకు ఇంకో గండం ఉంది: తెల్ల గుర్రం ఇ4లో ఉండగా నాలుగో ఎత్తున మన గుర్రాన్ని డి7కి తెచ్చాక, తెల్ల మంత్రి ఇ2కి వస్తే రెండో గుర్రం ఎఫ్6కి దూకకూడదు. ఇ7 బంటు కదిలితే రాజుకు మంత్రి నుంచి చెక్ కాబట్టి తెల్ల గుర్రం డి6లో దిగి ఆరో ఎత్తుకే చెక్‌మేట్. ఇది మొదటి రోజే బోర్డు మీద చూపించాలి.

2024 మార్చి నుంచి ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) రేటింగ్ 1400 దగ్గరే మొదలవుతోంది. ఆ మెట్టు మీదున్న పిల్లలకు నా ఓటు కారో-కాన్‌కే. చివరి రౌండులో గెలుపు తప్పనిసరైతే మాత్రం ఇబ్బందే: డి5 దగ్గర బంట్లు మార్చేసి ఆటను డ్రా వైపు లాగే తెల్లవాళ్లు చాలామంది. ఆ రోజు కోసమే రెండో ఏడు సిసిలియన్ పట్టించాలి. అదీ సి3కి జవాబుతో మొదలుపెట్టి, నైడార్ఫ్ ఆఖర్న.